ఆవాలు ముందుకే ఎగురుతాయి

నాలుగో రోజు

ఇవాళ తొమ్మిది ప్రశ్నలు ముగించాను. ఇంకా ముప్ఫై ఒకటి ఉన్నాయి.

పోయినవాళ్ళ ప్రశ్నలు ముగించేవాళ్ళు రోజూ ఏదో ఒకటి రాయాలని జవాబుల గదిలో ఈ పుస్తకం ఇచ్చారు. ఏం రాయాలని అడిగితే అక్కడి ఉద్యోగి ఇమ్మానుయేలు, "ఎన్ని అయ్యాయో వేస్తే చాలండీ. ఎవరూ చదవరు" అన్నాడు. మర్యాదస్తుడు. పల్చటి మీసం.

నా భార్య తాయారు ప్రశ్నల పుస్తకంలో మొత్తం రెండువందల పన్నెండు ఉన్నాయి. అయిదో ఏట బళ్ళో ఇచ్చిన పుస్తకమే, అట్ట రెండుసార్లు కుట్టుకుంది. నూట డెబ్బై రెండింటిని బతికుండగా తనే జవాబులు చెప్పే పెట్టెను అడిగి టిక్కు పెట్టుకుంది. మిగిలిన నలభై నేను అడగాలి, నలభై రోజుల్లో. అన్నిటికీ టిక్కు పడితే పుస్తకం తాయారు పేరుతో అరలోకి వెళ్తుంది. ఒక్కటి మిగిలినా కాగితపు తొట్టిలో నానబెడతారు. ఊళ్ళో కాగితం తక్కువ. పిల్లలకు పుస్తకాలు కావాలి కదా.

ఇవాళ అడిగిన వాటిలో ఒకటి: "మా ఆయన నిద్రలో ఎందుకు నవ్వుతారు?"

పెట్టె ఏదో చెప్పింది. టిక్కు పెట్టాను. నేను నిద్రలో నవ్వుతానని నాకు తెలియదు.

తొమ్మిదో రోజు

ముప్ఫై తొమ్మిది అయ్యాయి. ఆఖరిది మిగిలింది.

"212. పోపులో ఆవాలు ఎప్పుడూ ముందు దిక్కుకే ఎందుకు ఎగురుతాయి?" కింద రెండు గీతలు గీసింది. పక్కన ఏవో పిచ్చిగీతలు కూడా ఉన్నాయి. ఇళ్ళ ముందు నడవా వెంట ఒక వైపును ముందు దిక్కని, ఎదురు వైపును వెనక దిక్కని ఊరంతా అంటాం.

పెట్టె చెప్పింది: "ఆవాలు అన్ని దిక్కులకూ సమానంగా ఎగురుతాయి. ప్రశ్న చెల్లదు. మూత పెట్టుకోండి."

ఇమ్మానుయేలు ఎర్రసిరా పెన్ను నా వైపు జరిపాడు.

"కొట్టేసి సంతకం పెట్టండి, పాణి గారూ."

"కొట్టేస్తే టిక్కు కిందకు వస్తుందా?"

"రాదండీ."

"అయితే పుస్తకం?"

అతను బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు. "తొట్టిలోకేనండీ. గడువు ఉందిలెండి. నలభయ్యో రోజున పెట్టండి సంతకం."

పెన్ను తిరిగి ఇచ్చేశాను. తాయారు ఇరవై తొమ్మిదేళ్ళు పోపు వేసింది. పెట్టె ఒక్కసారి కూడా వెయ్యలేదు.

పదకొండో రోజు

పోపు వేశాను. జీవితంలో మొదటిసారి.

మాడింది. రెండోసారీ మాడింది. మూడోసారి ఆవాలు చిటపటలాడాయి. పొయ్యి చుట్టూ తడిగుడ్డలు పరిచి, ఏ పక్క ఎన్ని పడ్డాయో పట్టకారుతో ఏరి లెక్కపెట్టాను. గంటన్నర పట్టింది.

ముందు దిక్కున అరవై ఒకటి. వెనక దిక్కున ముప్ఫై నాలుగు. కుడిగోడ వైపు, ఎడమగోడ వైపు దాదాపు సమానం.

మళ్ళీ వేశాను. యాభై ఎనిమిది, ముప్ఫై ఆరు.

కాసేపు స్టూలు మీద కూర్చున్నాను. నాకు యాభై ఆరేళ్ళు. కాలేజీలో చదువుకున్నాను. ఇరవై ఆరేళ్ళుగా ఊరి నీటిగొట్టాలు చూస్తున్నాను. ఈ లోకంలో ఎవరూ చెప్పకుండా నాకు తెలిసిన మొదటి సంగతి ఇది. పెట్టెకు కూడా తెలియదు.

కూర్చోలేకపోయాను. నడవాలోకి వచ్చి ముందు దిక్కుకు నడిచాను. ఊరు గుండ్రం కాబట్టి ఇరవై నిమిషాల్లో మళ్ళీ మా గుమ్మమే వచ్చింది. ఆగలేదు. ఇంకో చుట్టు కొట్టాను.

పన్నెండో రోజు

పక్కింటి వరహాలమ్మ తలుపు తోసుకుని వచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"అన్నయ్యగారూ, ఏంటీ కంపు? ఇల్లు తగలబెడుతున్నారా?"

చెప్పాను. నా లెక్కలు చూపించాను. ఆమె నడుం మీద చెయ్యేసుకుని చదివింది.

"ఓస్, ఇంతేనా! ఫ్యాను గాలికి కొట్టుకుపోయుంటాయి."

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఫ్యాను ఆపి వేశాం. గది నిండా పొగ. ఇద్దరం దగ్గుతూ ఏరాం. ముందు అరవై మూడు, వెనక ముప్ఫై ఐదు.

"పొయ్యి వంకరేమో."

పొయ్యిని వెనక్కి తిప్పి పెట్టాం. అయినా ముందు దిక్కునే ఎక్కువ.

"గరిటె వంకర."

తన గరిటె తెచ్చింది. ముందే.

"మీ చెయ్యి వంకర," అని గరిటె లాక్కుని తనే వేసింది. యాభై తొమ్మిది, ముప్ఫై మూడు. కళ్ళు ఇంత చేసుకుని నన్ను చూసింది.

"అన్నయ్యగారూ, ఇన్నేళ్ళూ నేను పొయ్యికి ముందు పక్కే గోడ తోముతున్నాను. వెనక గోడకు మరకే ఉండదు. ఒక్కనాడూ ఎందుకని అనుకోలేదు చూడండి!"

"తాయారు అనుకుంది."

"వదిన అనుకుంటుంది," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొగ చాలా ఉంది.

పదహారో రోజు

ఆవాలు నెలకు గిద్దెడే ఇస్తారు. నావి అయిపోయాయి. వరహాలమ్మ మా నడవాలో ఇంటింటికీ వెళ్ళి ఏం చెప్పిందో కానీ, ఇవాళ ఏడిళ్ళ వాళ్ళు ఒకేసారి పోపు వేశారు. పొగ గంట మోగింది. ఎవరూ బయటికి పరిగెత్తలేదు. అందరూ నేల మీద చతికిలబడి ఏరుతున్నారు.

"మాకు డెబ్బై!"

"చేత్తో తోసి ఉంటారు మీరు!"

"దేవుడి తోడు, ముట్టుకోలేదు!"

మొత్తం: ముందు నాలుగువందల పన్నెండు. వెనక రెండువందల నలభై మూడు. కుడి మూడువందల ఇరవై ఒకటి, ఎడమ మూడువందల పద్దెనిమిది.

ఆ ఆఖరి రెండు అంకెలూ చూసి నాకు నవ్వొచ్చింది. ఎంత ముద్దుగా సమానంగా ఉన్నాయో. అంకెలు ముద్దొస్తాయని ఎవరైనా చెప్తే ఇదివరకు నమ్మేవాణ్ణి కాదు.

నడవా అంతా ఆ పూట పప్పే తిన్నారు.

ఇరవయ్యో రోజు

అంతా చెడింది.

వరహాలమ్మ టీ ఇచ్చింది. ఆమె పోసే తీరు అందరికీ తెలుసు, చెయ్యి పైకెత్తి బారెడు ధార వదులుతుంది. నేను గ్లాసు పట్టుకున్నాను, చిన్నప్పుడు మా అమ్మ నేర్పినట్టే గిన్నెకు నాలుగు వేళ్ళు వెనక దిక్కుకు. ఊళ్ళో అందరం అలాగే పడతాం. నిట్టనిలువు కింద పట్టేవాణ్ణి మర్యాద తెలియనివాడంటారు. వాడికి టీ మోకాలి మీద పడుతుంది.

గ్లాసు నిండుతుండగా ధార వైపు చూశాను.

"ధార వెనక్కి పోతోంది," అన్నాను.

"ఎప్పుడూ పోయేదేగా."

"ఆవాలు ముందుకు పోతున్నాయి."

ఆమె గిన్నె దింపింది. 

ఏదో ఒక లాగుడు ఉందనుకున్నాను ముందు దిక్కున. ఉంటే టీని కూడా లాగాలి. స్టూలెక్కి ఒక గోళీ వదిలాను. వెనక్కే పడింది. పదిసార్లు వదిలాను. పదిసార్లూ వెనక్కే. ఆవాలు మాత్రం ముందుకు.

ఇంకా ఇరవై రోజులు. పెట్టెను అడిగితే చెప్తుందేమో. మా వాకిట్లోనూ ఒకటి ఉంది, మీట నొక్కితే చాలు. చెయ్యి మీట దాకా పోయింది. వెనక్కి తీసుకున్నాను.

అడగాలని లేదు. ఇది నాది.

ఇరవై నాలుగో రోజు

మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినలేదు. దిగులుతో కాదు. కంచంలో చెయ్యి పెట్టగానే మెతుకులు పైకి విసిరి చూడాలనిపిస్తోంది. విసిరాను కూడా. ముందుకే పడ్డాయి.

కాబట్టి ఆవాలొక్కటే కాదు. పైకి విసిరింది ఏదైనా ముందుకు వస్తుంది. పై నుంచి వదిలింది ఏదైనా వెనక్కి పోతుంది. ఇంతవరకే తెలిసింది.

బడి వెనక గొట్టం కారుతోందంటే వెళ్ళాను. పిల్లలు కోలాటం నేర్చుకుంటున్నారు. రెండు వలయాలు. లోపలివాళ్ళు చిన్న అడుగులు, బయటివాళ్ళు పెద్ద అడుగులు. అందరూ ఒక్కసారే చుట్టు పూర్తి చెయ్యాలి మరి. బయటి వలయంలోంచి ఒక పిల్ల లోపలికి మారింది. అడుగు తగ్గించలేదు. ముందున్న పిల్లను గుద్దేసింది. లోపలినుంచి బయటికి వచ్చిన పిల్ల అడుగు పెంచలేదు. వెనకబడింది.

"ఎన్నిసార్లు చెప్పానర్రా! లోపలికొస్తే అడుగు తగ్గించండి, బయటికెళ్తే పెంచండి!" టీచరమ్మ అరుస్తోంది.

నా చేతిలో రెంచీ జారి కింద పడింది. అది కూడా కాస్త వెనక్కే పడింది.

ఊరు చక్రం, నిమిషానికి రెండు చుట్లు; మేం ఉండేది దాని అంచుకు లోపలి పక్కన. రెండో తరగతిలో చేతులు కట్టుకుని పాడాను. పరీక్షలో రాశాను. ఆ చక్రం నా పొయ్యి మీద కూడా తిరుగుతోందని యాభై ఏళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు.

నేల బయటి వలయం. నడినెత్తిన ఇరుసు. పైకి వెళ్ళేకొద్దీ లోపలి వలయం. ఆవగింజ నేల దగ్గర పెద్ద అడుగులతో నడుస్తూ ఉంటుంది. పైకి ఎగిరి లోపలి వలయంలోకి వెళ్ళినా అడుగు తగ్గించదు. ముందుకు దూకేస్తుంది. టీ ధార పై నుంచి, చిన్న అడుగుల వలయంలోంచి కిందికి వస్తుంది. అడుగు పెంచదు. వెనకబడుతుంది.

"ఏమైందండీ?" అంది టీచరమ్మ.

"ఆవాలు!" అన్నాను.

పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. మెలకువలోనే. గొట్టం సంగతి మర్చిపోయి ఇంటికొచ్చాను. మళ్ళీ పిలిచారు.

ఇరవై తొమ్మిదో రోజు

లెక్కలన్నీ పట్టుకుని జవాబుల గదికి వెళ్ళాను. ఇమ్మానుయేలు మొత్తం విన్నాడు. మధ్యలో తన పెన్ను పైకి విసిరి చూసుకున్నాడు. మళ్ళీ విసిరాడు.

"అయ్య బాబోయ్," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని బీరువాలోంచి రూల్సు పుస్తకం తీశాడు. చాలాసేపు వెతికాడు.

"ఒక రూలు ఉందండీ. పెట్టె చెల్లదన్నా, అడిగిన మనిషి కళ్ళారా చూసి గుర్తు పెట్టి ఉంటే ప్రశ్న చెల్లుతుంది. ఎప్పుడూ ఎవరూ వాడలేదు."

"నేను చూశాను కదా. వెయ్యికి పైగా ఆవాలు."

"మీరు చూశారండీ. కానీ అడిగింది అమ్మగారు."

 లెక్కలు మడిచి జేబులో పెట్టుకున్నాను. నేను గుమ్మం దాటుతుండగా లోపల పెన్ను కింద పడిన చప్పుడు వినిపించింది. మళ్ళీ విసిరినట్టున్నాడు.

ముప్ఫై మూడో రోజు

వరహాలమ్మ పప్పు తెచ్చి, పోపు ఇక్కడే వేస్తానంది. నేను పొయ్యికి ముందు దిక్కున నిలబడ్డాను. అలవాటు. ఇరవై తొమ్మిదేళ్ళుగా నా చోటు అదే. తాయారు వెనక దిక్కున నిలబడి గరిటె పట్టుకునేది.

ఒక ఆవగింజ వచ్చి చెంప మీద అంటుకుంది.

"అబ్బా!"

"వదిన ఉంటే గీత గీసేది," అంది వరహాలమ్మ.

"ఏం గీత?"

"మీరు అబ్బా అన్నప్పుడల్లా కిసుక్కున నవ్వి, పుస్తకం తీసి ఒక గీత గీసేది. ఎన్నిసార్లు చూశానో. మొగుడి మీద చాడీలు రాసుకుంటోందేమో అనుకున్నాను."

పుస్తకం తీశాను. 212 పక్కన పిచ్చిగీతలు. పైన సన్నటి అక్షరాలు, ఇన్నాళ్ళూ కుట్టు దారాలనుకున్నాను. ఒక వరుస మీద "ము", ఒక వరుస మీద "వె". ఐదేసి గీతలు కట్టలు కట్టింది. ము: నూట నలభై. వె: యాభై ఒకటి.

ము నేను. వె తను.

మధ్యలో ఒక చోట ఇలా ఉంది: "చోట్లు మార్చాం." ఆ కిందనుంచి ము కింద తన చెయ్యి, వె కింద నా చెంప. నాకు గుర్తొచ్చింది. ఒక ఏడాది, "ఏమండీ, ఇవాళ్టినుంచి మీరు ఇటు నిలబడండి, నాకు నడుం పట్టేసింది" అంది. ఆ ఏడాదంతా నాకు పెద్దగా చుర్రుమనలేదు. ఆమె మణికట్టు మీద మాత్రం చుక్కలు చుక్కలుగా మచ్చలు పడ్డాయి. మందు రాస్తుంటే నవ్వేది. ఎందుకు నవ్వుతున్నావంటే, "ఏం లేదులెండి" అనేది.

ఇన్నేళ్ళు నేను ఆమె తడిగుడ్డను.

వరహాలమ్మ నన్నే చూస్తోంది. నేను ఏడుస్తాననుకున్నట్టుంది. నేను కూడా అనుకున్నాను. కానీ కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. స్టూలు పట్టుకుని నవ్వాను. ఆమె కూడా మొదలెట్టింది. పప్పు అడుగంటింది.

ముప్ఫై నాలుగో రోజు

ఇమ్మానుయేలు గీతలు రెండుసార్లు లెక్కపెట్టాడు. "చోట్లు మార్చాం" దగ్గర వేలు పెట్టి ఆగిపోయాడు.

"ఆవిడ ఏం చదివారండీ?"

"ఎనిమిదో తరగతి."

రూలు నంబరు వేసి, 212 పక్కన "చెల్లుతుంది" అని రాశాడు. పచ్చసిరా. 

"ఇక జవాబు రాయాలండీ. పెట్టె ఎలాగూ చెప్పదు. మీరు చెప్పండి, రాస్తాను."

చెప్పాను. "ఊరు ముందు దిక్కుకు తిరుగుతోంది కాబట్టి" అన్న చోట పెన్ను ఆపాడు.

"ముందుకేనని ఎలా తెలుసండీ? ముందు అనేది మనం పెట్టుకున్న పేరే కదా. వెనక్కి తిరుగుతుంటే?"

"ఆవాలు చెప్పాయి."

"చూస్తే బాగుండును," అన్నాడు. పెట్టె దగ్గరికి వెళ్ళి అడిగాడు. "ఊరు ఎటు తిరుగుతుంది?"

"నిమిషానికి రెండు చుట్లు."

"ఎటు వైపు?"

"నిమిషానికి రెండు చుట్లు. ఇంకేమైనా అడగాలా?"

"అక్కర్లేదు," అన్నాడు ఇమ్మానుయేలు. పెట్టెతో ఎవరైనా ఆ మాట అనగా నేను వినడం అదే మొదలు. అన్నాక అతనే ఉలిక్కిపడ్డాడు.

ముప్ఫై ఆరో రోజు

నేల కింద, గొట్టాల సందులో, ఒక గుండ్రటి మూత ఉంది. ఇరవై ఆరేళ్ళుగా పనికి దిగగానే నా పనిముట్ల సంచి దాని మీదే పెడుతున్నాను. చదునుగా ఉంటుంది, సౌకర్యం. దాని మీద ఏదో రాసి ఉందని తెలుసు. ఎప్పుడూ గ్రీజు తుడిచి చదవలేదు.

ఇవాళ తుడిచాను. "చూపు అద్దం" అని ఉంది.

ఇమ్మానుయేలు, నేను, వరహాలమ్మ ముగ్గురం వంగి మూత తిప్పాం. ఆమెను రావద్దన్నాను. "ఆవాలెవరివి?" అంది. పక్కకు జరిగి చోటిచ్చాను.

మూత ఊడింది. కింద దళసరి అద్దం. దాని కింద నక్షత్రాలు.

ముందు దిక్కునుంచి వెనక దిక్కుకు జరిగిపోతున్నాయి, బారులు తీరి, తొందర లేకుండా. అంటే మనం ముందుకు తిరుగుతున్నాం. తాయారు పోపుగరిటె చెప్పినట్టే.

ముగ్గురం బోర్లా పడుకుని చూశాం. ఒక పెద్ద నక్షత్రం వెళ్ళింది. ఇమ్మానుయేలు గడియారం చూశాడు. అరనిమిషంలో అదే మళ్ళీ వచ్చింది.

"వచ్చిందండీ! మళ్ళీ అదే!" అని నా భుజం చరిచాడు. వెంటనే, "క్షమించండి సార్" అన్నాడు.

"చరవండి," అన్నాను.

మొహాలు పైకెత్తేసరికి ముగ్గురి ముక్కులకూ గ్రీజు. వరహాలమ్మ ఇమ్మానుయేలును చూసి నవ్వింది, అతను నన్ను చూసి నవ్వాడు. నేను తాయారుకు చెప్పాలని తల తిప్పాను. గొట్టం ఉంది అక్కడ.

కాసేపు నక్షత్రాలే చూశాను.

నలభయ్యో రోజు

జవాబు పూర్తిగా రాయించాను. 212కు టిక్కు పడింది. పుస్తకం అరలోకి వెళ్ళాల్సిన రోజు ఇది.

పొద్దున్నే వరహాలమ్మ గుమ్మంలో నిలబడి, "అన్నయ్యగారూ, నాకో అనుమానం" అంది. "పైకి పోయేకొద్దీ వలయం చిన్నదవుతుందన్నారు. మరి ఇరుసు దగ్గర వలయమే ఉండదుగా. అక్కడ ఆవాలు ఎటు ఎగురుతాయి?"

నాకు తెలియదు. తెలియదనుకోగానే కాళ్ళలో ఏదో హుషారు.

ముగ్గురం ఇరుసు లిఫ్టెక్కాం. గ్రీజు పెట్టేవాళ్ళు తప్ప ఎవరూ వెళ్ళరు. పైకి పోతుంటే ఒళ్ళు తేలికైపోయింది. మోకాళ్ళ నొప్పి పోయింది. వరహాలమ్మ కొంగు దానంతట అదే లేచింది. తలుపు తెరిచేసరికి నేల మీద కాళ్ళు లేవు.

"పట్టుకోండి, పట్టుకోండి! ఎటైనా ఎగిరిపోతా!" అని ఆమె ఒకటే కేకలు, మధ్యమధ్య నవ్వులు. పోపుల డబ్బా చేతిలోంచి జారింది. జారి పడలేదు. అక్కడే నిలబడింది, గాల్లో. మూత మెల్లగా ఊడింది. ఆవాలు బయటికొచ్చి మా చుట్టూ మబ్బులా పరుచుకున్నాయి. ఒకటి నా కనురెప్ప మీద వాలింది. నాలుగు ఇమ్మానుయేలు మీసంలో ఇరుక్కున్నాయి.

"ఇక్కడ పోపు ఎలా వేస్తారర్రా?" అంది వరహాలమ్మ. "గింజ గరిటెలో నిలవదే!"

"మూత పెట్టాలండీ," అన్నాడు ఇమ్మానుయేలు.

"పెట్టెలాగా మాట్లాడకు నాయనా. మూత పెడితే ఎటు ఎగిరిందో ఎలా చూస్తాం?"

"గాజు మూత."

"నూనె? నూనె ఉండలు కట్టి మొహాన కొట్టదూ?"

వాళ్ళు వాదించుకుంటున్నారు. నేను సంచిలోంచి తాయారు పుస్తకం తీశాను. 212 కింద సగం పేజీ ఖాళీ ఉంది. నా చేతిరాతతో రాశాను. "213. ఇరుసు దగ్గర పోపు ఎలా వెయ్యాలి? ఆవాలు ఎటు ఎగురుతాయి?"

ఇమ్మానుయేలు చూశాడు. వాదన ఆపేశాడు.

"పాణి గారూ, ఇప్పుడు పుస్తకం ముగియనట్టే కదండీ. అరలో పెట్టలేను."

"తొట్టిలో?"

ఆలోచించాడు. మీసంలోంచి ఒక గింజ తేలుతూ వెళ్ళిపోయింది. "బతికున్న మనిషి ప్రశ్న ఉంది. తొట్టిలోనూ వెయ్యకూడదు."

"మరి?"

"ఇంటికి తీసుకెళ్ళండి."

పుస్తకం గుండెకు ఆనించుకుని కాసేపు గాల్లో అలాగే ఉన్నాను. ఇక్కడ బరువుండదు కాబట్టి దానికీ బరువు లేదు.

"సార్," అన్నాడు ఇమ్మానుయేలు మెల్లగా, "నాదీ ఒకటుందండీ. నా పుస్తకంలో రాస్తే పెట్టెను అడగాల్సి వస్తుంది. ఇందులో 214 రాసుకోవచ్చా?"

పెన్ను అతని వైపు వదిలాను. అది తొందర లేకుండా మా మధ్య తేలుతూ బయలుదేరింది. అతను చెయ్యి చాచాడు, కానీ అందుకోలేదు. వరహాలమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. పెన్ను ఎటు వంగుతుందో అని ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.